గాడిదనీ అనుమతి అడిగిన లర్బీ

లర్బీకి ఒకటే జబ్బు. ఫోటోలో పడ్డవాళ్లందరి అనుమతీ చేతికి రాందే ఏ ఫోటోనూ అమ్మడు.

షఫ్షావన్ ఊళ్లో నీలం గోడలకు కొదవలేదు, వాటిని ఫోటో తీసి అమ్ముకునేవాళ్లకూ కొదవలేదు. వాళ్లు ఎవరినీ ఏమీ అడగరు. లర్బీ మాత్రం ఒక్క తలుపు ఫోటో అమ్మాలంటే ఇంటాయన సంతకం, అరుగు మీద కూర్చున్న ముసలమ్మ వేలిముద్ర, వెనక గోడ మీద బొమ్మ గీసినవాడి ఒప్పుకోలు, అన్నీ పోగేసుకోవాల్సిందే.

"మెట్ల ఫోటోలో నా గాడిద కూడా పడింది కదరా, దాన్నడిగావా?" అన్నాడు కట్టెలమ్మే హమ్మాదీ ఎగతాళిగా.

"దాని తరఫున నువ్వే చెప్పాలి," అంటూ లర్బీ కాగితం బయటికి తీశాడు.

ఈ గోలేమిటో ఆ వీధిలోనే ఉండే జుహూర్‌కి ఎన్నడూ అర్థం కాలేదు. "కెమెరా వాడిది, నొక్కే వేలు వాడిది. మధ్యలో మన సంతకమెందుకు?" అని భర్త మఫద్దల్‌ను అడిగేది.

"నాకేం తెలుసే! నా ఫోటో ఒకటి తీసి, సంతకం పెట్టమని వెంటపడుతున్నాడు. రేపు చూద్దాంలే అన్నాను," అని మఫద్దల్ నవ్వేవాడు.

ఆ రేపు రాకుండానే మఫద్దల్ పోయాడు.

జుహూర్ తెల్లబట్టల్లో, భర్త పోయినవాళ్లు పాటించే నాలుగు నెలల పది రోజుల గడువు తీరేదాకా గడప దాటకుండా ఉన్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం లర్బీ వచ్చాడు. లోపలికి రాలేదు. వీధిలోనే నిలబడి, తల వంచుకుని, మర్యాదగా 'లల్లా' అని పిలుస్తూ, గోడతో చెప్పుకుంటున్నట్టు మాట్లాడాడు.

"లల్లా జుహూర్, మఫద్దల్ నవ్వుతున్న ఫోటోని ఒక కంపెనీ అడిగింది. మీరు సరేనంటేనే అమ్ముతాను."

"నన్నడుగుతావేం? ఫోటో నీది కాదా?"

"ఫోటో నాదే. ముఖం నాది కాదు."

"ముఖం ఆయనది. ఆయనేమో లేడు."

"అందుకే మిమ్మల్ని అడుగుతున్నా."

జుహూర్‌కి బుర్ర తిరిగింది. పోయిన మనిషి ముఖం కూడా పొలంలా వాటాకొస్తుందా?

"కొని ఏం చేసుకుంటారు?"

"ప్రకటన వేస్తారు. కడుపుబ్బరం మందుకట."

"ఆయనకి ఉబ్బరమెప్పుడుందయ్యా!"

"లేదు లల్లా. అయినా ఊరూరా గోడల మీద ఉంటాడు."

గడువు తీరి తను బజారుకి వెళ్తే, మందు సీసా పట్టుకుని ఆయన ఎదురుపడతాడన్నమాట. జుహూర్ తలుపు రెక్క గట్టిగా పట్టుకుంది.

"నేను వద్దంటే నీకు కోపమొస్తుందా?"

"కోపమెందుకు? వద్దనే వీలుండాలనేగా అడిగేది! అడక్కుండా అమ్మేస్తే వద్దని ఎవరికి చెప్పుకుంటారు, ఎప్పుడు చెప్పుకుంటారు?"

"అయితే వద్దు."

"హమ్మయ్య!" అన్నాడు లర్బీ, బేరం కుదిరినవాడిలా. సంచిలోంచి ఫోటో తీసి, దాని వెనక నాలుగు ముక్కలు గీకి, సంతకం చేసి గడప మీద పెట్టాడు.

"నీ సంతకమెందుకు? కావాల్సింది నాది కదా?" జుహూర్‌కి మళ్లీ మొదటికొచ్చింది.

"ఈ ఫోటో మీద నా హక్కు కూడా మీకే రాసిచ్చాను. ఇకమీద ఎవరికి కావాలన్నా మిమ్మల్నే అడగాలి."

"నువ్వు కూడానా?"

"నేను కూడా."

ఫోటోలో మఫద్దల్ ఊడిన ముందుపన్ను దాచుకోకుండా పగలబడి నవ్వుతున్నాడు. చూస్తూ చూస్తూ జుహూర్ కూడా నవ్వేసింది.

"అయితే గడువు తీరాక ఒక శుక్రవారం కుస్కుస్ తినడానికి రా. కడుపునిండా తిన్నాక ఈ ఫోటో చూస్తానని అడుగు. చూపించేదీ లేనిదీ అప్పుడు ఆలోచిస్తాను."