మా వైపు మాట్లాడిన వదినగారు

మా అమ్మాయి అత్తగారు పోయారు. పొద్దున్నే ఫోన్ మోగితే ఎప్పటిలాగే అమ్మాయికో మనవరాలికో ఏదో అయిందనుకున్నాను. అల్లుడుగారు మాట్లాడారు. అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయిందని చెప్పారు. నిడదవోలులో రైలెక్కి పిఠాపురం చేరేదాకా నాకు ఏడుపు రాలేదు, భయమే వేసింది. ఇక మా పిల్లల తరఫున మాట్లాడే మనిషి ఎవరున్నారు?

వియ్యపురాళ్ళం కదా, ఒకరినొకరం వదినగారూ అనుకునేవాళ్ళం. ఆడపిల్ల తల్లిని కాబట్టి పెళ్ళినాటి నుంచి ఆవిడంటే నాకు బెదురు. ఆవిడ కనిపిస్తే లేచి నిలబడేదాన్ని. "కూర్చోండి వదినగారూ, మీ మొహం చూడ్డానికి నాకు మెడ నొప్పెడుతోంది" అనేవారు.

మా అమ్మాయికి రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం. అల్లుడుగారు కంప్యూటర్ ఉద్యోగం ఇంట్లో కూర్చునే చేసేవారు. మనవరాలు పుట్టిన కొన్నాళ్ళకి కంపెనీవాళ్ళు కొంతమందిని తీసేస్తే, అందులో ఈయనా ఉన్నారు. ఇంకోటి వెతుక్కుంటారులే అనుకున్నాను. కానీ ఇద్దరూ మాట్లాడుకుని, పిల్ల బడికెళ్ళేదాకా ఆయన ఇంటిపట్టున ఉండి చూసుకునేట్టు, అమ్మాయి జీతం మీద నడుపుకునేట్టు అనుకున్నారట. ఆ మాట విన్నరోజు నాకు అన్నం సయించలేదు. బ్యాంకు పనులు కూడా ఫోన్లలోకి పోతున్నాయంటున్నారు, దీని ఉద్యోగమూ పోతే? ఇది ఆయన్ని చులకన చేస్తే? అన్నిటికంటే, కొడుకు చేత గరిటె పట్టించిందని వదినగారు దీన్ని ఏమంటారో?

ఆవిడ అమ్మాయివాళ్ళింటికి వస్తున్నారని తెలిసి ముందురోజే పరిగెత్తాను. అల్లుడుగారి చేతిలో గరిటె తీసేసుకుని, పేపరిచ్చి హాల్లో కూర్చోబెట్టాను. ఆయన బుద్ధిగా పేపరు తిరగేస్తూ, పోపు మాడుతోందేమో చూడండి అత్తయ్యగారూ అని అక్కణ్ణుంచే చెప్పారు. వదినగారు భోజనానికి కూర్చుని, ఆనపకాయ పులుసు ఒక్క ముద్ద కలుపుకుని నా వైపు చూశారు.

"ఇది మీ చేతివంటండి వదినగారూ. మావాడు పులుసులో ఇంత బెల్లం వెయ్యడు. వాడికి నేర్పింది నేనే కదా."

నేను తలెత్తలేదు. అమ్మాయి నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళ వంకతో లేచిపోయింది.

ఆ సాయంత్రం చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆవిడ తన సంగతి చెప్పారు. చనిపోయిన వాళ్ళాయన రైసుమిల్లులో గుమాస్తా. మిల్లు మూసేశాక ఆయన వీధరుగు మీదే కూర్చుండిపోయారట. ఈవిడ గేదెపాలు పోసి ఇల్లు నడుపుతుంటే, పాలచెంబు అందివ్వడం కూడా నామోషీ అనుకున్నారట. ఎవరైనా వస్తే తలుపు చాటుకి వెళ్ళిపోయేవారట.

"ఉద్యోగం ఎవరిదైనా పోతుందండి. ఆయనకి సొంతింట్లో చోటు లేకుండా పోయింది. వీడికలా కాకూడదనే వంట నేర్పాను" అన్నారు.

ఆ తరవాత పెళ్ళిళ్ళలో ఎవరడిగినా, మావాడు ఇల్లు చూసుకుంటాడు, కోడలు బ్యాంకు చూసుకుంటుంది అని కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పేవారు. వాళ్ళు ఇంకో ప్రశ్న వేసేలోగా, మీ అబ్బాయికి అన్నం వార్చడం వచ్చా అని ఎదురు అడిగేవారు. పక్కన నిలబడి నేను బిక్కుబిక్కుమనేదాన్ని. ఫోన్లో నా భయాలన్నీ ఓపిగ్గా విని, "అయిపోయాయా, ఇంకేమైనా మిగిలాయా" అనేవారు. మిగిలినవి కూడా చెప్పేదాన్ని. ఇప్పుడెవరికి చెప్పను?

కర్మ నాడు భోజనాల దగ్గర ఆవిడ తమ్ముడుగారు నలుగురిలో అడిగారు.

"ఏరా, ఇంకా ఖాళీగానే ఉన్నావా? మా అక్కకి ఆ దిగులే పట్టుకునుంటుంది."

పొద్దున్నే రేవులో గుండు చేయించుకుని, పిల్ల నిద్రపోయాక ఇంటికొచ్చిన అల్లుడుగారు తల దించుకున్నారు. అమ్మాయి మొహం కందిపోయింది. అందరూ ఎవరో ఒకరు జవాబిస్తారని చూస్తున్నట్టున్నారు. ఇచ్చే ఆవిడ లేరు. వియ్యాలవారింట నేనెప్పుడూ గొంతెత్తి ఎరగను.

"వదినగారికి ఆ దిగులు లేదండి అన్నయ్యగారూ. అల్లుడుగారు ఖాళీగా లేరు. ఇల్లూ పిల్లనీ చూసుకుంటున్నారు. మా అమ్మాయి ఉద్యోగం చేస్తోంది" అన్నాను.

తమ్ముడుగారు మజ్జిగ పొయ్యమన్నారు. నేను అనకుండా ఉండాల్సిందేమో, మనసులో పెట్టుకుని రేపు అమ్మాయిని ఏమైనా అంటారేమో, నాకింకా గుబులుగానే ఉంది.

అంతలో లోపల నిద్రలేచిన మనవరాలు బయటికొచ్చి, గుండుతో ఉన్న తండ్రిని చూసి బెదిరిపోయి ఏడుపందుకుంది. నేనెత్తుకున్నా ఆగలేదు, వాళ్ళమ్మ ఎత్తుకున్నా ఆగలేదు. అల్లుడుగారు దగ్గరికి రాకుండా దూరంగానే నిలబడి, పప్పన్నం తిందామా చిట్టీ అన్నారు. ఆ గొంతు వినగానే పిల్ల ఏడుపాపి రెండు చేతులూ చాచింది. ఆయన చంకనెక్కి, ఆ నున్నటి తలంతా ఒకసారి తడిమి చూసుకుని, మెల్లిగా దాని మీద చెంప ఆనించింది.