ఎల్లారెడ్డిలో రాహుకాలాన్ని రుజువు చేసింది నేనే

మీలో హేతువాదులెవరైనా ఉన్నారా? ఉంటే ఒక్క సంగతి అడుగుతాను, తప్పించుకోకుండా చెప్పండి. మీ చేతులారా ఒక మూఢనమ్మకానికి ఊపిరి పోసి, పదిమంది చేత దానికి దండం పెట్టించారా? నేను పెట్టించాను. రాహుకాలం అనేది ఉందనీ, అది నిమిషాల లెక్కన పనిచేస్తుందనీ ఎల్లారెడ్డిలో కళ్ళముందు రుజువు చేసిన ఘనత నాది. ఏ జ్యోతిష్కుడికీ చేతకాని పనిని ఒక సైన్సు టీచరు, ఒక కంప్యూటర్ గేము సాయంతో, నాలుగు రోజుల్లో చేసి చూపించింది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. నోటికి మాత్రం అరవై. పెళ్ళికి పిలిస్తే పెళ్ళిలో, దినాలకు పిలిస్తే దినాల్లో వాదన పెట్టుకునేదాన్ని. చివరికి బంధువులు నాకు భోజనాల వేళ మాత్రమే చెప్పి, ముహూర్తం వేళ దాచిపెట్టడం మొదలుపెట్టారు. దాన్ని నేను నా విజయం కింద జమ వేసుకున్నాను. ఎంత అమాయకురాలినో చూడండి.

ఆ రోజుల్లో మా అక్క భర్త రాజలింగం బావ దుబాయి నుంచి నెల రోజుల సెలవు మీద వచ్చాడు. అక్కడ ఒక గోదాములో సామాను ఎత్తే బండి నడుపుతాడు. అందరికీ ఏవేవో తెచ్చి, తనకోసం మాత్రం ఒక్కటే తెచ్చుకున్నాడు. వాళ్ళింట్లో కంప్యూటర్ లేదు కాబట్టి దాన్ని తిన్నగా పక్క వీధిలోని నా గదికి పట్టుకొచ్చాడు.

"ఏంది బావా ఈ డబ్బా?"

"లారీ గేము. మంచుకొండల మీదికెల్లి లారీ తోలుడు. అక్కడ షాపుల ఆడి చూపిస్తుంటే ఎన్ని సుట్టీ దినాలు నిలవడి చూసిన్నో! ఇగ పట్టలేక కొన్న. అసలుది మరదలా, డూప్లికేట్ గాదు."

"రోజూ బండే తోల్తవు గద, మళ్ళ గిదేం సరదా?"

"ఆ బండిల కూసుంటే ఏం కనవడ్తది? అట్టపెట్టెలు. ముందట అట్టపెట్టెలు, ఎనక అట్టపెట్టెలు. దీంట్లనైతే కొండ కొస దాంక పోవచ్చట. పోయేలోపల ఆ కొస చూసి పోవాలె."

ఆ కొస చూడాలన్నదే ఆ నెల మొత్తానికి మనిషి కోరిక. దాన్ని నా చేతుల్లో పెట్టాడు. పాపం.

బావ వాళ్ళమ్మ, మా అత్తమ్మ, అప్పటికే పంతులుగారిని అడిగి వచ్చింది. "బేస్తారం పొద్దుగాల మంచిగున్నదట. అప్పుడే పెట్టుండ్రి." సరే, గురువారం పొద్దున డిస్కు పెట్టాను. నియమాలకు ఒప్పుకుంటున్నారా అని తెర నిండా చీమల బారులాంటి అక్షరాలు వచ్చాయి. చదవకుండా ఒప్పుకున్నాను. అగ్గిపెట్టెంత డాంగిల్‌ను కిటికీ చువ్వకు వేలాడదీస్తే నెట్టు అందింది, గేము తాళం తెరుచుకుంది. బావ లారీ ఎక్కాడు. రెండో మలుపులోనే నదిలో పడ్డాడు. ముఖం మాత్రం లాటరీ తగిలినట్టు వెలిగిపోయింది.

"చూసినవా బిడ్డా," అంది అత్తమ్మ, "మంచి గడియల పెట్టినం గనక గిట్ల నడుస్తున్నది."

అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు.

"అత్తమ్మా, లారీ నదిల పడ్డది. గిది మంచి గడియనా?"

"పడితే పడ్డది. పాణం పోలే గద!"

ఈ తర్కానికి జవాబు వాదన కాదు, ప్రయోగమే అనుకున్నాను. ఆ రోజు రాహుకాలం ఒకటిన్నర నుంచి మూడు. గేమును కంప్యూటర్లోంచి పూర్తిగా తీసేసి సరిగ్గా ఆ వేళకే మళ్ళీ పెడతానన్నాను.

"నడుస్తున్నదాన్ని తీసుడు ఎందుకు మరదలా?" బావ డబ్బాను చంకలో పెట్టుకున్నాడు.

"విజ్ఞానం కోసం బావా."

"నాకు లారీ గావాలె గని విజ్ఞానం ఎందుకే?"

లాక్కున్నాను. తీశాను. రాహుకాలంలో పెట్టాను. నడిచింది! నేను గదిలో ఒక చుట్టు తిరిగి వచ్చాను. అత్తమ్మ కదల్లేదు. "కంప్యూటర్ తూర్పు మొఖం ఉన్నది గద, గందుకే కాపాడింది." శుక్రవారం కూడా బడికి సెలవు పెట్టి మరీ బల్లను దక్షిణానికి తిప్పాను, గేము మళ్ళీ తీశాను, పదిన్నరకు రాహుకాలంలో మళ్ళీ పెట్టాను. మళ్ళీ నడిచింది. ప్రతిసారీ ఆ చీమల బారు రావడం, నేను ఒప్పుకోవడం. బావ మాత్రం ప్రతిసారీ మొదటి మలుపు నుంచి మొదలు.

ఇంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఆదివారం, పైగా అమావాస్య. నాలుగున్నరకు రాహుకాలం. బహిరంగ ప్రదర్శన ప్రకటించాను. పంతులుగారింటికి స్వయంగా వెళ్ళి పిలిచాను.

"రండి సార్. పదిమందిలో ఓడిపోదురు గాని."

"చాయ ఉంటదా టీచరమ్మా?" అన్నారాయన.

ఇరుగుపొరుగు, మా బడి టీచర్లు, ఎదురింటి టైలరు, అంతా నా గదిలో పచ్చడి జాడీలో కాయల్లా కుక్కుకుని కూర్చున్నారు. నేను పావుగంట ఉపన్యసించాను. "చదవండి, ప్రశ్నించండి, పరీక్షించండి, ఆ తర్వాతే ఒప్పుకోండి!" అని బల్ల చరిచాను. అందరూ చూస్తుండగా గేము తీసేశాను. గడియారం నాలుగున్నర చూపించగానే డిస్కు పెట్టి, చీమల బారుకు ఒప్పుకుని, గేము ఎక్కేదాకా పది నిమిషాలు ఆగి, విజయగర్వంతో జనం వైపు తిరిగాను. జనం నన్ను చూడటంలేదు. నా వెనక తెరను చూస్తున్నారు.

ఎర్రగా ఒక గడి. ఈ డిస్కుకు ఇచ్చిన అవకాశాలన్నీ అయిపోయాయి, ఇక పెట్టడం కుదరదు.

"ఏమంటున్నది?" బావ అడిగాడు.

"ఇగ... పెట్టనియ్యదట."

పంతులుగారు చేతిగడియారం చూసుకున్నారు. "నాలుగూ నలభై రెండు," అన్నారు మెల్లగా. అంతే. అత్తమ్మ లేచి నిలబడి కంప్యూటర్‌కు రెండు చేతులూ జోడించింది. నేను మిషను ఆపి మళ్ళీ వేశాను, డిస్కును చున్నీతో తుడిచాను, డాంగిల్‌ను ఇంకో చువ్వకు కట్టాను. టైలరు చాయ గ్లాసు కింద పెట్టి, "టీచరమ్మా, మా ఇంటిది గూడ నమ్మకపోతుండె. రేపటికెల్లి నమ్ముతది," అని నాకు కృతజ్ఞతలు చెప్పి మరీ వెళ్ళాడు.

అందరూ పోయాక బావ తిట్టలేదు. తిడితే బాగుండేది. "మూడో మలుపు దాటలే మరదలా. వచ్చే ఐతారం నా ఫ్లైటు," అన్నాడు.

సోమవారం కంపెనీకి ఫోన్ చేశాను. చాలా మర్యాదగల అమ్మాయి ఇంగ్లీషులో పలికింది.

"ఎన్ని కంప్యూటర్లలో పెట్టారు మేడం?"

"ఒక్కదాంట్లోనే."

"మూడుసార్లు పెట్టినట్టు కనిపిస్తోంది. మధ్యలో ఎందుకు తీశారు?"

"రాహుకాలం లేదని నిరూపించడానికి."

కీబోర్డు మీద టకటకలు వినిపించాయి. "సారీ మేడం, ఆ కారణం మా జాబితాలో లేదు. కంప్యూటర్ చెడిపోయిందని రాసుకోనా?"

"వద్దు. నేను అబద్ధం చెప్పను."

"అయితే 'ఇతరములు' అని రాస్తాను."

నా సిద్ధాంతం, నా ఉద్యమం, నా యౌవనం అన్నీ ఆ ఒక్క పదంలో సర్దుకున్నాయి. కొన్న రసీదు ఫోటో పంపాలంది. రసీదు దుబాయిలో, బావ గదిలో, మంచం కింది పెట్టెలో ఉంది. ఆయన తోటి మనిషి డ్యూటీ దిగి, పెట్టె తెరిచి, ఫోటో తీసి పంపేసరికి మంగళవారం అయింది. జవాబుకు ఆగమన్నారు.

ఆగలేక డబ్బా పట్టుకుని బుధవారం బస్సెక్కి కామారెడ్డిలో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన దగ్గరికి పోయాను. ఆయన డబ్బా వెనక్కి తిప్పాడు.

"అక్కా, ఈడ రాసే ఉన్నది. మూడుసార్లే. పెట్టేటప్పుడు ఒక పేజీ గూడ వస్తది, దాంట్ల ఉంటది. చదవలేదా?"

నేను డబ్బా వెనక్కి లాక్కోబోయాను.

"ఎన్నిసార్లు ఒప్పుకున్నవు?"

"నాలుగు."

ఆయన నవ్వు ఆపుకోవడానికి సొరుగులో ఏదో వెతికినట్టు నటించాడు. తర్వాత గొంతు తగ్గించి, "గిదే గేము తాళం పగలగొట్టింది దొరుకుతది. అమాస నాడు పెట్టు, గ్రహణం నాడు పెట్టు, వందసార్లు పెట్టు, అడిగేటోడు లేడు," అన్నాడు.

అప్పుడు వచ్చింది నాకు కోపం. దొంగ సరుకు వాడేవాడికి ఏ అడ్డూ లేదు. వాడు వందసార్లు పెట్టుకోవచ్చు. దుకాణంలో వరుసలో నిలబడి అసలుది కొన్నవాడికి మాత్రం మూడుసార్లు! తాళం ఎవరికోసం వేశారు? దొంగ కిటికీలోంచి దర్జాగా పోతుంటే, ఇంటివాడు తన గడప ముందు నిలబడి నేను దొంగను కాదని దుబాయి నుంచి రుజువులు తెప్పించుకోవాలి. అక్కడినుంచే బావకు ఫోన్ చేసి, ఆ దొంగది తీసుకోనా అని అడిగాను.

"వద్దు మరదలా. నేను కొన్న. నా దాన్ని నేను దొంగలెక్క ఎందుకాడాలె?"

సిగ్గుతో, ప్రాయశ్చిత్తంగా, ఆయన లారీ వేగంగా పోవాలని కంప్యూటర్‌కు కొత్త హార్డ్ డిస్కు ఒకటి కొని బ్యాగులో వేసుకున్నాను. గేము పెట్టడం కుదిరితే దాన్ని తర్వాత బిగిద్దామని నా ఆలోచన.

శుక్రవారం మెయిల్ వచ్చింది. దయతలచి ఇంకొక్కసారి అవకాశం ఇచ్చారు. అత్తమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "పంతులును అడిగి రాంది ఈ డబ్బా ముట్టనియ్య." నేను వాదించబోయాను. బావ నా ముఖం చూశాడు. "ఇగ ఒక్క దినమే సుట్టీ ఉన్నది. ఆమె మనసు నిమ్మలం గానీ మరదలా."

వెళ్ళాను. ఉపన్యాసాల దాన్ని, బల్ల చరిచినదాన్ని, పంతులుగారి అరుగు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాను.

"రేపు పొద్దుగాల ఏడున్నరకు పెట్టుకోండ్రి," అన్నారాయన పంచాంగం తిప్పకుండానే. "గని ఆ డబ్బా ఏది? ఇటియ్యి." కళ్ళద్దాలు పెట్టుకుని, అక్షరం కింద వేలు పెట్టి, వెనకంతా చదివారు. "టీచరమ్మా, లోపలి సామాను మార్చినా కొత్త కంప్యూటర్ కిందనే లెక్క అని రాసిండ్రు. పెట్టినంక ఏం మార్చకుండ్రి, మీ బావకున్న ఒక్క సుట్టీ పోతది."

నేను బ్యాగు జిప్పు మెల్లగా మూసేశాను.

శనివారం ఏడున్నరకు గేము నడిచింది. బావ అన్నానికి కూడా లేవలేదు. సాయంత్రానికి కొండ కొస ఎక్కి, లారీ ఆపి, ఊరికే కూర్చున్నాడు. "చూడు మరదలా, ఒక్క అట్టపెట్టె లేదు," అన్నాడు. మర్నాడు నవ్వుతూ ఫ్లైటెక్కాడు.

ఇక ఊరి లెక్క వినండి. రాహుకాలంలో పెడితే ఆగింది, పంతులు చెప్పిన ఘడియలో పెడితే నడిచింది. రెండు ప్రయోగాలూ చేసింది హేతువాది. ఇంకేం సాక్ష్యం కావాలి? ఇప్పటికీ కొత్త ఫోను కొన్నవాళ్ళు పంతులుగారి దగ్గరికి పోతారు. ఆయన అందరినీ ఒకటే అడుగుతారట: "గడియ సంగతి తర్వాత. డబ్బా ఎనక చదివినవా?" ఎల్లారెడ్డిలో మిగిలిన హేతువాది ఆయనొక్కరే.

కాబట్టి న్యూటను సూత్రాలు మూడింటి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక నా జన్మలో చదవనిదానికి ఒప్పుకోను, నడుస్తున్నదాన్ని విజ్ఞానం కోసం తీయను, పరాయివాడి ఆనందం మీద ప్రయోగం చేయను.

మీరు మాత్రం నవ్వి ఊరుకోకండి. మీ ఇంట్లో కొత్తగా కొన్నది ఏదుంటే అది ఇప్పుడే చేతిలోకి తీసుకోండి. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలన్నీ చదవండి. మీరు కొన్నదానికి వాళ్ళు తాళం వేసుకుని ఉంటే, అమ్మినవాడికి ఫోన్ చేసి, ఎవరి వస్తువుకు ఎవరి తాళమని గట్టిగా అడగండి. జవాబు చెప్పేదాకా ఫోన్ పెట్టెయ్యకండి.