చీపురు తొక్కిన లెక్కల మేడమ్

మొన్నటి వానకు మేము కిరాయికుంటున్న అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి నీళ్లొచ్చాయి. తోడి పోయగా మిగిలిన బురద మీద వాచ్‌మన్ ఫినాయిల్ చల్లాడు. ఆ రెండు వాసనలూ కలిసి మెట్ల మీదుగా మా గుమ్మం దాకా వచ్చేసరికి నాకు ఒళ్లు మండింది. పక్క ఫ్లాట్ ఆవిడ ముక్కు మూసుకుంది. నేను పళ్లు కొరుక్కున్నాను. ఇన్నేళ్లయినా ఆ వాసనకు నాలో లేచేది కోపమే. ఆ కోపం వెనకాలే భ్రమరాంబ మేడమ్ గుర్తొస్తుంది.

మన్సూరాబాద్‌లో మా పక్కిల్లు ఆవిడది. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేది. సాయంత్రం షేర్ ఆటో దిగి ఇంటికొచ్చేటప్పుడు ఆవిడ కొంగుకు సుద్దపొడి ఉండేది, ముఖంలో విసుగుండేది. నేను హోంవర్క్ పట్టుకుని వెళ్తే జవాబు వైపు చూసేది కాదు. "ఎలా వచ్చిందో చెప్పు. చెప్పలేకపోతే నీకు రానట్టే" అనేది. మా అమ్మ యాదమ్మకు మొదట్లో ఆవిడంటే పడేది కాదు. మాది నల్లగొండ దగ్గరి పల్లె. నాన్న లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. అమ్మ ముందు గదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. వాటితోనే ఇల్లు గడిచేది, నా చదువు నడిచేది. ఆ మిషన్ ఆగితే నేను కాలేజీ మానాల్సిందే, అది ఇంట్లో అందరికీ తెలుసు.

మా ఇల్లు పల్లంలో ఉండేది. నేను ఇంటర్‌లో ఉండగా ఒక వానాకాలం చెరువు నిండి, ఆ నీళ్లు వీధిలోకి, వీధిలోంచి ఇంట్లోకి వచ్చాయి. మేము కట్టుబట్టలతో మేడమ్ వాళ్ల మేడ మీదికి చేరాం. వెనక వంటింటి గోడ కూలిన చప్పుడు అక్కడి నుంచే విన్నాం. నీళ్లు తీసేసరికి శుక్రవారమైంది. అమ్మ బకెట్టూ చీపురూ పట్టుకుని దిగింది. శుక్రవారం పూట గడప కడిగి పసుపు రాసి దీపం పెట్టనిదే ఆమెకు పొద్దు గడవదు. ఇంటి నిండా మోకాలి లోతు బురద ఉన్నా సరే, ముందు గడప కడగాలి.

ఒక్క ఊడ్పు ఊడ్చిందో లేదో, మేడమ్ మెట్లు దిగి వచ్చి చీపురు మీద కాలు పెట్టింది.

లక్ష్మీదేవిలా చూసుకునే చీపురును, అదీ శుక్రవారం నాడు, పొరుగింటావిడ వచ్చి తొక్కితే ఏ ఆడమనిషి ఊరుకుంటుంది? అమ్మ చీపురు గుంజింది. "గిదేంది మేడమ్, మేమేం పాపం చేసినం? ఇంట్ల గింత బురద పెట్టుకొని దీపం ఎట్ల పెట్టాలె?"

"దీపం మా ఇంట్లో పెట్టుకో యాదమ్మా. బురద మాత్రం ముట్టుకోకు. లోన్ తీసుకున్నప్పుడు ఇంటికి ఇన్సూరెన్స్ చేయించారుగా? వాళ్లొచ్చి చూసేదాకా ఇల్లు ఇలాగే ఉండాలి" అంది మేడమ్, కాలు తీయకుండా.

అంతకు ముందొకసారి ఆవిడ ఇంట్లోకీ నీళ్లొచ్చాయట. చుట్టాలందరినీ పిలిచి, గోడలు కడిగించి, గుమ్మానికి తోరణం కట్టి కూర్చుందట. నష్టం లెక్క కట్టడానికి వచ్చిన సర్వేయర్ అద్దంలా మెరుస్తున్న ఇల్లు చూసి, నీళ్లొచ్చిన ఆనవాళ్లేవమ్మా అని, పైసా రాయకుండా పోయాడట. "నా ఇల్లు నేను శుభ్రంగా పెట్టుకోవడమే నా తప్పయింది" అని చెబుతుంటే ఆవిడ దవడలు బిగుసుకున్నాయి. మన ఇళ్లల్లో ఎవరైనా చేసేది అదే కదా. బురద వస్తే కడుగుతాం. కడిగేముందు ఫొటోలు తీసుకోండి, ఫలానావాళ్లకు కబురు చేయండి అని ఆ ఇన్సూరెన్స్ కాగితాలు అమ్మినవాడు ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది?

సర్వేయర్ వచ్చేదాకా మా ఇల్లు కుళ్లు కంపు కొట్టింది. వీధిలోవాళ్లు ముక్కు మూసుకుని పోతూ అమ్మను తిట్టారు. అమ్మ మేడమ్‌ను తిట్టుకుంది. తిట్టుకుంటూనే రోజూ వాళ్ల దేవుడి దగ్గర దీపం పెట్టింది.

వచ్చినాయన కూలిన గోడను చూసి, "ఇది పాత చెమ్మమ్మా. ఏండ్ల సంది నాని పడ్డది. చెమ్మకు ఇన్సూరెన్స్ రాదు" అన్నాడు.

మేడమ్ ఆయనను గది గదికీ తిప్పింది. నిలిచిన గోడలన్నిటి మీదా ఛాతీ ఎత్తున ఒకటే బురద గీత ఉంది. "ఈ గీత ఏ చెమ్మ గీసిందండీ? వరద వల్ల కాదంటే కారణం రాసి సంతకం పెట్టి ఇవ్వండి, నేను చూసుకుంటాను" అంది. ఆయన మళ్లీ ఒకసారి గోడలు చూశాడు, ఫొటోలు తీసుకున్నాడు. చివరకు వంటింటి గోడ, గచ్చు, తలుపులు, కరెంటు వైరింగు రాసుకున్నాడు. ఒరిగిపోయిన ప్రహరీకి రాదన్నాడు, పాలసీలో దాని మాట లేదట. అప్పుడు అమ్మ ముందు గదిలోకి తీసుకెళ్లి తుప్పు పట్టిన మిషన్ చూపించింది.

"గిది రాస్కో సార్."

"అది సామానమ్మా. మీ పాలసీ బిల్డింగుకే. సామాను కావాలంటే వేరే తీసుకోవాలె."

"ఇల్లు మునిగితే మిషన్ మునగదా?" అంది అమ్మ. ఆయన కాగితాలు సర్దుకున్నాడు. పాపం, ఆయన చేతిలో ఏముంది.

మేడమ్ మాత్రం ఊరుకోలేదు. మర్నాడు అమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు లోన్ ఇచ్చిన బ్యాంకుకు వెళ్లింది. ఆ పాలసీ అంటగట్టినతను అదే కుర్చీలో, అదే నవ్వుతో ఉన్నాడు.

"ఇంట్ల చెంచ పోయినా వస్తదని చెప్పినవ్ గద సారూ" అంది అమ్మ.

"సామాను కూడా కలపమని మీరు అడగలేదు కదమ్మా" అన్నాడతను.

అప్పుడు మేడమ్ గొంతు పెంచింది. క్లాసులో చివరి బెంచీ దాకా వినిపించే గొంతు అది. "ఏం అడగాలో ఆవిడకే తెలిస్తే ఇక నువ్వెందుకయ్యా ఇక్కడ? వచ్చేవన్నీ గడగడా చెప్పావు. రానివి చెప్పడానికి నోరు రాలేదా?"

బ్యాంకంతా ఇటు తిరిగింది. అతను తల దించుకుని కంప్యూటర్‌లో ఏదో వెతికాడు. మేనేజరు వచ్చి మంచినీళ్లు ఇప్పించాడు. మిషన్ మాత్రం రాలేదు. ఇంత చదువుకున్న మనిషి, ఇంత గొంతున్న మనిషి అరిచినా రాలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ రక్తం మరుగుతుంది.

మేడమ్ పైగదిలో వాళ్ల అత్తగారి పాత మిషన్ ఒకటి మూలన పడి ఉండేది. దానికి నూనె వేయించి మా ఇంటికి పంపింది. అమ్మ దాని మీదే కుట్టింది, నేను కాలేజీ మానలేదు. తర్వాత ఎన్నో ఏళ్లు, మేడమ్ మా గడప తొక్కితే చాలు, అమ్మ చీపురు తీసి తలుపు వెనక దాచేది. "కాలు జర చూసుకో మేడమ్" అనేది. మేడమ్ నవ్వేది. ఆవిడ అలా నవ్వడం నేను మా ఇంట్లోనే చూశాను. ఆవిడ పోయినప్పుడు అమ్మ ఆ మిషన్‌కు బొట్టు పెట్టి, ఆ రోజు కుట్టు ముట్టుకోలేదు.

పోయిన నెల అల్మాస్‌గూడలో చిన్న ఫ్లాట్ కోసం ఎల్.బి.నగర్‌లో ఒక బ్యాంకుకు వెళ్లాను. లోన్ కాగితాల మధ్య ఇన్సూరెన్స్ కాగితం పెట్టి, సంతకం ఎక్కడ చేయాలో వేలితో చూపించాడు అక్కడి అబ్బాయి. "అన్నీ కవర్ అయితయి మేడమ్. ఇంటి గురించి ఇగ ఫికరే లేదు."

నేను పెన్ను మూత పెట్టాను. "ఏవి రావో ముందు చెప్పు" అన్నాను.

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. కాగితాలు అటూ ఇటూ తిప్పి, గొంతు తగ్గించి చెప్పాడు. "అంటే మేడమ్, ఇది ఇంటి మీద కాదు. మీ మీద. మీకేమన్న అయితే లోన్ కడతది."

"ఇల్లు మునిగితే?"

"దానికి వేరే తీసుకోవాలె."

"ఇంటి గురించి ఫికరే లేదని ఇప్పుడేగా అన్నావ్?"

"మీరు అడగలేదు కద మేడమ్."

అదే మాట. కుర్చీ మారింది, మనిషి మారాడు, ఆ మాట మాత్రం మారలేదు. నా గొంతు నాకు తెలియకుండానే పెరిగింది. ఏం అడగాలో నాకే తెలిస్తే నువ్వెందుకని అడిగాను. గోడలకు ఏ పాలసీ వర్తిస్తుందో, సామానుకు ఏది వర్తిస్తుందో, ప్రహరీ, చెమ్మ, వరద, ఒక్కొక్కటీ పైకి చెప్పించాను. చెప్పలేనివి లోపలికెళ్లి కనుక్కుని రమ్మన్నాను. అంతా అయ్యాకే పెన్ను మూత తీశాను.

లేచి తిరిగేసరికి నా వెనక కూర్చున్నామె ఎప్పుడు దగ్గరికి జరిగిందో, తన కుర్చీని నా కుర్చీకి ఆనించుకుని ఉంది. చేతిలో అలాంటివే కాగితాలున్నాయి.

"అక్కా, జర కూసో" అంది. "నాకు గూడ గట్లనే చెప్పమను."

నేను మళ్లీ కూర్చున్నాను.