చాయ్, గంజాయి, పదకొండు డౌట్లు

అశోక్ నగర్ హాస్టల్ గదిలో నేనూ, నాకంటే మూడేళ్లు చిన్నవాడైన సహచరుడూ ఒక పద్ధతి పాటించేవాళ్లం. ఉద్యోగ పరీక్ష కోసం సాయంత్రం చదివిన ఇరవై బిట్లలో బాగా వచ్చినదాని పక్కన ‘ప’, రానిదాని పక్కన ‘డ’ రాయాలి. ‘ప’ అంటే పక్కా. దాన్ని మళ్లీ తిరగేయనక్కరలేదు. ‘డ’ అంటే డౌట్. అది పరీక్ష దాకా వెంటే ఉంటుంది. ఈసారీ ఉద్యోగం రాకపోతే ఊరికి వచ్చేయమని అతని ఇంట్లో చెప్పేశారు.

ఒకరోజు నారాయణగూడలో చాయ్ తాగుతూ అడిగాడు: “అన్నా, దిమాక్‌ల మబ్బును చాయ్ కొడ్తదా?”

నేను ఫార్మసీ చదివినవాణ్ణి. “కొడ్తది. అలసిపోయినవని మెదడుకు చెప్పే అడెనోసిన్‌కు కెఫీన్ అడ్డం పడ్తది,” అన్నాను. కబురు ఆగినంత మాత్రాన అలసట పోదనే రెండో వాక్యం చెప్పలేదు.

ఆ తర్వాత అతని పుస్తకంలో ‘ప’లు పెరిగాయి. ఇరవైకి పద్దెనిమిది. ఒక ఉదయం నాకు డౌటున్న బిట్‌కు అతను ‘ప’ రాసి ఉండటం చూసి, వివరించమన్నాను. తడుముకోకుండా తప్పు చెప్పాడు. మిగతా పదిహేడూ అడిగాను. ఏడే సరిపోయాయి.

“నిన్న దిమాక్ మస్తు సాఫ్‌గ ఉండె అన్నా,” అన్నాడు. పుస్తకం మూసి అసలు సంగతి చెప్పాడు. పరేషాన్ తగ్గుతుందని కొన్ని వారాలుగా గంజాయి తాగుతున్నాడు. ఆ మబ్బు విడవడానికి రెండు కప్పుల చాయ్, ఆపై పుస్తకం. ఆ ధైర్యం ఇచ్చింది నా జవాబే.

ఈసారి ఏ వాక్యమూ మింగలేదు. గంజాయిలోని టీహెచ్‌సీ కొత్త విషయాన్ని జ్ఞాపకంగా మలిచే పనిని చెదరగొడుతుంది. కెఫీన్ మెలకువనిస్తుంది కానీ ఆ లోపాన్ని పూడ్చదు. జంతువులపై కొన్ని ప్రయోగాల్లో దాన్ని పెంచినట్టు కూడా కనిపించిందని చదివాను. మనుషుల్లో ఇంకా తేలవలసింది చాలా ఉందనీ చెప్పాను.

“అంటే చదవనియ్యక కాదు, చదివిన అనుకునేటట్టు చేసింది,” అన్నాడు. తర్వాత, “మందుల చదువు చదివినోడివి, ముందుగాల్నే పూరా చెప్పొద్దా?”

“నువ్వు పూరా అడిగినవా?”

మరుసటి రోజు ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్లాం. గంజాయి మానేసిన మొదటి వారం చిరాకుతో, నిద్రలేమితో గడిచింది. చాయ్ ఉదయం ఒక్క కప్పుకు దిగింది. పాత ‘ప’లన్నీ రబ్బరుతో చెరిపి, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు.

నెల తర్వాత పుస్తకం నా ముందు పెట్టాడు. “పదకొండు డౌట్లు అన్నా. పక్కాలు తొమ్మిదే.”

ఆ తొమ్మిదీ అడిగాను. తొమ్మిదీ చెప్పాడు.

పరీక్షకు ఇంకా రెండు నెలలున్నాయి. చిక్కడపల్లి గ్రంథాలయం తెరిచే వేళయింది. పుస్తకం సంచిలో పెట్టుకొని, పదకొండు డౌట్లతో అతను నాకంటే ముందే మెట్లు దిగాడు.