మా బామ్మర్ది కాలు నొప్పి

మొన్న సాయంత్రం మా చిన్నవాడు బడి నుంచి వచ్చి బూట్లు మూలకు విసిరికొట్టి, బాస్కెట్‌బాల్ జట్టులో తనను బెంచి మీద కూర్చోబెట్టడమే తప్ప ఆడించడం లేదని అలిగి పడుకున్నాడు. మా ఆవిడ వాడి తల నిమురుతూ, "మీ మామకు ఆదిలాబాద్‌ల కాలు నొయ్యకుంటే హైదరాబాద్ దాక పోయి ఆడేటోడు బిడ్డా, ఏం జేస్తం" అంది. మామ అంటే ఆమె అన్న, నా బామ్మర్ది. పేపరు చదువుతున్న నేను తల ఎత్తలేదు. ఆ కాలు నొప్పిని పుట్టించింది నేనే.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పటి కరీంనగర్‌లో బాస్కెట్‌బాల్ అంటే మొరం పోసిన మైదానం, రెండు కర్ర స్తంభాలు, వాటికి కమ్మరి చేసి బిగించిన ఇనుప రింగులు. మా హైస్కూలు జట్టుకు నేను కెప్టెన్‌ను. ఈ బామ్మర్ది మా మేనమామ కొడుకు, నాకంటే ఏడాది చిన్నవాడు, జట్టులో అందరికంటే ఆఖర్న చేరాడు. పొట్టివాడే గాని, ఎంత పొడుగువాడి మోచేతి కింది నుంచైనా బంతి లాక్కుని దూరిపోయేవాడు. సాధనలో నన్నే ఎన్నోసార్లు దాటేశాడు. మొదటి ఐదుగురిలో ఉండవలసినవాడని ఇన్నేళ్లలో నేనెక్కడా అనలేదు.

అతని చెల్లెలిని నాకే ఇస్తారని రెండిళ్లలోనూ ఎప్పటి నుంచో అనుకునేవారు, బడిలో ఆ సంగతి తెలియనివాడు లేడు. ఒకసారి ఊళ్లో ఆట జరుగుతుండగా అతన్ని మైదానంలోకి దించానో లేదో, గోడ మీద కూర్చున్నవాళ్లు అందుకున్నారు. "రేపు పిల్లనియ్యాలె గదా, గందుకే బామ్మర్దిని ఆడిపిస్తుండు!" "మామను ఖుష్ చేస్తుండురా కెప్టెన్!" సిగ్గుతో చచ్చిపోయి, కాసేపటికే అతన్ని వెనక్కి పిలిచాను. మళ్లీ దించలేదు. దాన్నే నిజాయితీ అనుకుని గర్వపడ్డాను కూడా.

ఆ తరువాత ఆదిలాబాద్‌లో ఆట. హైదరాబాద్‌కు వెళ్లే జట్టును ఎంచే పెద్దలు అక్కడికి వచ్చారు, దిగి ఆడినవాళ్లనే చూస్తామని ముందే చెప్పారు. ఎవరిని ఎప్పుడు దించాలో మా డ్రిల్లు మాస్టరు కెప్టెన్‌కే వదిలేసేవారు. పక్కనున్న జిన్నింగు మిల్లు నుంచి పత్తి నూగు ఎగిరి వచ్చి చెమట మీద అంటుకుంటోంది, చుట్టూ సగం అరుపులు మరాఠీలో. ఆట ముగియవస్తోంది, రెండు జట్లూ సమానం. మా జట్టులోని పొడుగువాడు దమ్ము చాలక నడుము పట్టుకుని నిలబడుతుంటే, అవతలి ఆటగాడు అతని పక్క నుంచే వచ్చి మాటిమాటికీ బుట్టలో వేసిపోతున్నాడు. ఆట ఆగినప్పుడు మైదానం అంచు గీత దగ్గరికి వెళితే మా బామ్మర్ది లేచి నిలబడ్డాడు.

"బావా, జర నన్ను దించు. గాన్ని నేనాపుత."

"కూసో."

"ఒక్కసారి బావా, నీ కాళ్లు మొక్కుత."

అతని వెనక, బస్సులో మాతోపాటు వచ్చిన మా ఊరివాళ్లు అప్పుడే నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. నేను ముఖం తిప్పుకుని మైదానంలోకి నడిచాను. ఒక్క బుట్ట తేడాతో ఓడిపోయాం.

ఆట అయ్యాక డ్రిల్లు మాస్టరు అందరి ముందూ నిలదీశారు. "గా పొట్టోన్ని ఎందుకు దించలేదురా?"

"కాలు నొస్తుందన్నడు సార్" అనేశాను.

వెనక్కి తిరిగితే అతను అక్కడే ఉన్నాడు. నా ముఖం వైపు ఒక్కసారి చూశాడు. అక్కడి నుంచి బస్సు దాకా కుడికాలు ఈడ్చుకుంటూ నడిచాడు. ఇంటికొచ్చాక మా అత్త ఏడుస్తూ వేడి నూనె రాస్తుంటే, ఏ నొప్పీ లేని ఆ కాలును చాపి పడుకున్నాడు. హైదరాబాద్‌కు వెళ్లే జట్టులో నాకు చోటు దొరికింది. అతను మళ్లీ బంతి ముట్టలేదు. ఇప్పుడు వేములవాడలో కాపురం, మా ఇంటికి వచ్చినప్పుడల్లా కాలు ఎలా ఉందని చెల్లెలు అడుగుతుంది, మంచిగనే ఉందంటాడు, నా వైపు చూడకుండా.

మా చిన్నవాడు నిన్న నేరుగా కోచ్ దగ్గరికి పోయి, నన్నెందుకు దించరని అడిగి వచ్చాడు. మా రోజుల్లో దాన్ని పొగరనేవారు, పెద్దవాడు ఏం చేసినా అతని పరువు కాయడం చిన్నవాడి పని. ఈ కాలం పిల్లలకు మన్నన తెలియదని మన ఈడువాళ్లం గొణుక్కుంటాం గాని, ఆ రోజు నా బామ్మర్ది పదిమందిలో నన్ను అబద్ధాలకోరని అరిచి ఉంటే ఎంత బాగుండేదో. ఆ సిగ్గు నాలుగు రోజులుండి పోయేది, మేమిద్దరం ఇన్నేళ్లూ ఒకరి కళ్లలోకి ఒకరం చూసుకుని మాట్లాడుకునేవాళ్లం.