గోడ దగ్గర నా చోటు

ఆ శనివారం పొద్దున మా గ్రూపు గోడ ఎక్కడం ప్రాక్టీసు చేస్తోంది. శామీర్‌పేట దాటాక, ప్లాట్లు చేసి అమ్మకానికి పెట్టిన ఒక పొలంలో మా కోచ్ చెక్కలతో కట్టిన గోడ అది. మర్నాడే రేసు. బురదలో పాకడం, ఇసుక బస్తా మోయడం, తాడు పట్టుకుని ఎక్కడం, గోడ దాటడం, అన్నీ ఉండే ఆబ్‌స్టకల్ రేస్. జట్టులో అందరికన్నా పొడుగు, బలం నాదే. అందుకే గోడ దగ్గర నా పని ఎప్పుడూ ఒకటే. గోడకు వీపు ఆనించి నిలబడతాను. మిగతా ఆడవాళ్లు నా తొడ మీద ఒక కాలు, భుజం మీద ఒక కాలు వేసి పైకి పోతారు. ఆఖరున వాళ్లంతా కలిసి నన్ను పైకి లాగుతారు.

ఆ రోజు రజియా నా భుజం మీద కాలు మోపగానే నా మోకాళ్లు మడతపడ్డాయి. ఇద్దరం కింద పడ్డాం.

"ఏందక్కా, పొద్దున ఏం తినలేదా?" అని నవ్వింది రజియా. శామీర్‌పేటలో వాళ్లది కూరగాయల వ్యాపారం. గ్రూపులో నాకు అందరికన్నా దగ్గరి మనిషి.

నేనూ నవ్వాను. అంతకు ముందు వారం ఒక పెళ్లిభోజనం తర్వాత నాకు విరేచనాలు పట్టుకుని తగ్గాయి. ఆ నీరసమే అనుకున్నాను. అరికాళ్లలో తిమ్మిర్లుగా ఉందంటే, ఒళ్లు నొప్పులేనని కోచ్ కూడా అన్నారు.

మేడ్చల్‌లో మాకు కళ్లజోళ్ల దుకాణం ఉంది. మధ్యాహ్నం ఒక ఫ్రేముకు స్క్రూ బిగించబోతే వేళ్ల మధ్య నుంచి జారిపోయింది. మళ్లీ తీశాను, మళ్లీ జారింది. మా ఆయన శ్రీనివాస్ చూసి, "రేపటి రేసు బంద్ పెట్టు సుజాతా, జర రెస్ట్ తీసుకో" అన్నాడు. కాళ్లకు కొబ్బరినూనె రాసుకుని పడుకున్నాను. తెల్లారాక బాత్‌రూంలో స్టూలు మీద కూర్చున్నదాన్ని లేవలేకపోయాను.

మా ఆయన పిలిస్తే ఇంటికొచ్చిన వీధి చివరి క్లినిక్ డాక్టరుగారు నా మోకాలి కింద చిన్న సుత్తితో తట్టారు. కాలు కదలలేదు. రెండో కాలూ అంతే. ఆయన ముఖం మారిపోయింది. "రిఫ్లెక్సెస్ లేవు. ఇక్కడ ఆలస్యం చేయొద్దు. న్యూరాలజిస్టు ఉన్న హాస్పిటల్‌కు ఇప్పుడే తీసుకుపోండి" అన్నారు. రజియా రేసుకు పోకుండా వాళ్ల అన్న కారు తెచ్చింది. నన్ను కారులోకి ఎత్తడానికి రజియా, మా ఆయన ఇద్దరూ చాలక పక్కింటాయనను పిలవాల్సి వచ్చింది. అందరినీ ఎత్తే మనిషిని నేను. నా సొంత బరువు నాకు ఆ రోజే తెలిసింది.

హాస్పిటల్‌లో నర్వ్ కండక్షన్ స్టడీ చేశారు. చేతులకు, కాళ్లకు చిన్న చిన్న కరెంటు షాకులు పెట్టి నరం ఎంత వేగంగా పని చేస్తోందో చూస్తారు. వెన్నులోంచి నీరు తీసి సీఎస్ఎఫ్ టెస్టుకు పంపారు. న్యూరాలజిస్టు మేడమ్ మంచం పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పారు.

"దీన్ని గిలాన్ బారే సిండ్రోమ్ అంటాం, జీబీఎస్. మొన్నటి విరేచనాల ఇన్‌ఫెక్షన్ మీద పోరాడాల్సిన మీ ఇమ్యూనిటీ పొరపాటున మీ నరాల మీదే పడింది. ఐవీఐజీ, అంటే సెలైన్‌లా ఎక్కించే యాంటీబాడీల మందు, మొదలుపెడదాం. చాలామంది కోలుకుంటారు. కానీ టైం పడుతుంది."

"మళ్లీ రేసులకు పోగలనా మేడమ్?"

"ముందు ఊపిరి సంగతి చూసుకుందాం. ఈ బలహీనత ఊపిరి కండరాలకూ పాకొచ్చు" అన్నారు.

అప్పుడు భయం వేసింది. ఐసీయూలో పొద్దున, సాయంత్రం ఒకే ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలనో చెప్పమనేవారు. రెండో రోజు మొదటి రోజుకన్నా ముందే ఆగిపోయాను. వెంటిలేటర్ తెచ్చి పక్కన పెట్టారు. ముఖం ఒక వైపు పట్టు తప్పింది. ఎడమ కన్ను మూతపడేది కాదు. చుక్కల మందు వేసి, రెప్పను టేపుతో మూసేవారు. విజిటర్స్ టైములో మా ఆయన వచ్చి ఆ చుక్కలు తనే వేస్తానని సిస్టర్‌ను అడిగాడు.

"ఊరందరి కండ్లు చూస్త. నా పెండ్లాం కన్ను చూసుకోనా?" అన్నాడు. మాట్లాడుతూనే ఏడ్చాడు. తుడుద్దామంటే నా చెయ్యి లేవలేదు.

వెంటిలేటర్ అవసరం పడలేదు. లెక్క మెల్లమెల్లగా పెరిగింది. వార్డుకు మార్చారు, తర్వాత ఇంటికి పంపారు. కానీ ఇంటికి వచ్చింది వీల్‌చెయిర్‌లో.

ఆ రోజుల్లో నాకు ఆకలికన్నా ఎక్కువగా తెలిసింది బెంగ. మెడల్స్ మీద కాదు. చలికాలం పొద్దున బురదగుంటలోకి దిగితే నడుము దాకా పాకే ఆ చలి కావాలనిపించేది. తాడు రాపిడికి మండే అరచేతులు కావాలనిపించేది. అన్నిటికన్నా, భుజం మీద మట్టికాలు పడగానే "అక్కా, గట్టిగుండు!" అని పైనుంచి వినిపించే అరుపు. వీల్‌చెయిర్‌లో కూర్చుని నా భుజం నేనే తడుముకునేదాన్ని. కండ కరిగిపోయి ఎముక తగిలేది.

ఫిజియోథెరపీకి వచ్చే అమ్మాయి చెప్పినదానికి రెట్టింపు చేశాను. నడక వచ్చిన కొత్తలో ఎవరూ లేనప్పుడు మేడ మెట్లు ఎక్కి దిగాను, మళ్లీ ఎక్కాను. మర్నాటికి కాళ్లు మళ్లీ మొద్దుబారాయి. జీబీఎస్ తిరగబెట్టిందేమోనని పరుగున హాస్పిటల్‌కు పోయాం.

"తిరగబెట్టలేదు, ఇది ఫెటీగ్" అన్నారు మేడమ్. "మీరు కండరాన్ని పెంచడం నేర్చుకున్న మనిషి. కష్టపెడితే పెరుగుతుందనుకుంటారు. నరం అట్లా కాదమ్మా. అలసట రాకముందే ఆపాలి."

ఆపడం నాకు చేతకాని పని. అదే నేర్చుకోవాల్సి వచ్చింది.

కర్రతో నడిచే రోజుల్లో రజియా నన్ను ఒక రేసు చూడ్డానికి తీసుకుపోయింది. గోడ పక్కన కుర్చీ వేయించింది. మా జట్టు వచ్చింది. గోడకు వీపు ఆనించి కొత్తగా చేరిన ఒకామె నిలబడింది. రజియా ఆమె భుజం మీద కాలు వేసి ఎక్కేసింది. నేను తల తిప్పుకున్నాను.

రేసు అయ్యాక రజియా బురద బట్టలతోనే వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది.

"కోపమొచ్చిందా అక్కా?"

"నా జాగల ఇంకొకామె నిలబడ్డది."

"ఎవరో ఒకరు నిలబడాలె గద. లేకుంటే నేనెట్ల ఎక్కాలె?" మోచేతి మీది బురద గీక్కుంది. తర్వాత మెల్లగా, "ఆమె భుజం మస్తు గట్టిగున్నది. కానీ కాలు పెడుతుంటే నువ్వే యాదికొచ్చినవ్" అంది.

ఇద్దరం ఏడ్చాం. ఏడ్చి, అక్కడే మిర్చీ బజ్జీలు తిన్నాం.

ఇప్పుడు కర్ర లేదు. ఎడమ పాదం ఇంకా పూర్తిగా పైకి లేవదు కాబట్టి బూటు లోపల ప్లాస్టిక్ స్ప్లింట్ వేసుకుంటాను. దుకాణంలో కూర్చుని నా పని నేను చేసుకుంటున్నాను. ఆదివారాలు గ్రూపు పరుగు ముగించాక ఆ పొలం పక్కన మట్టిబాట మీద వాళ్లతో కలిసి నడుస్తాను. పరుగు వస్తుందా అని మేడమ్‌ను అడగడం మానలేదు. "రావచ్చు, రాకపోవచ్చు" అంటారు. ఆవిడ అబద్ధం చెప్పనందుకు కోపమూ వస్తుంది, నమ్మకమూ కలుగుతుంది. పరిగెత్తాలని ఉంది. ఆ కోరిక తగ్గలేదు, దాన్ని తగ్గించుకోవాలనీ లేదు.

ఇది చదివే వాళ్లకు, ముఖ్యంగా వ్యాయామం చేసేవాళ్లకు, ఒక్క మాట. ఒళ్లు నొప్పులు మనకు అలవాటే. కానీ నొప్పి వేరు, బలం పోవడం వేరు. పాదాల్లో మొదలైన తిమ్మిరి పైకి పాకుతూ ఉంటే, కూర్చున్న చోటునుంచి లేవడం కష్టమైతే, నూనె రాసుకుని తెల్లారేదాకా చూడకండి. న్యూరాలజిస్టు ఉన్న హాస్పిటల్‌కు వెళ్లండి. నడిచి వెళ్లగలిగే రోజే వెళ్లండి.