కునెగుండ కాచిన నిద్ర

నూలు మిల్లుల ఊరు వూజ్ నగరం మొత్తం మీద పసిపిల్లల్ని నిద్రపుచ్చడంలో మా అమ్మమ్మ కునెగుండను మించినవాళ్ళు పుట్టలేదు. ఆవిడ చెయ్యి పడ్డాక మిల్లు కూత కాదు, జార్ చక్రవర్తి స్వయంగా వచ్చి గుమ్మంలో ఫిరంగి పేల్చినా పిల్ల కనురెప్ప కదిలేది కాదు. నేలమాళిగ గదిలో బంగాళాదుంపల బుట్టలు ఆరు, బుట్టకొక పిల్ల. తల్లులంతా నూలు మిల్లులో. ఆ గదిలో వినపడే గొంతు అమ్మమ్మది ఒక్కటే, అది మాత్రం వీధి చివరిదాకా వినపడేది.

కిటుకంతా పొయ్యి మీదే. ఎండు గసగసాల కాయలు రెండు చిదిపి నీళ్ళలో మరిగించి, చక్కెర కలిపి, గుడ్డ పీలిక అందులో ముంచి పిల్ల నోట్లో పెట్టేది. ఆ పేటలో అందరూ చేసేదే. అమ్మమ్మ కాస్త చిక్కగా కాచేది, అంతే.

1911 వేసవిలో వాన చుక్క పడలేదు. పొద్దున కొన్న పాలు మధ్యాహ్నానికి విరిగేవి. వీధి వీధినా పసివాళ్ళు విరేచనాలతో రాలిపోయారు. తండ్రులు చిన్న తెల్ల పెట్టెలు చంకన పెట్టుకుని శ్మశానానికి ట్రామెక్కితే, కండక్టరు చూడనట్టు మొహం తిప్పుకునేవాడు.

పాల కేంద్రం నుంచి హెన్రికా అనే నర్సు పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చింది.

"ఈ ఏడు నీ దగ్గర ఎంతమంది పిల్లలు పోయారమ్మా?"

"ఒక్కరూ పోలేదు తల్లీ."

"పై అంతస్తువాళ్ళు ముగ్గురన్నారే?"

"ఆ ముగ్గురా? వాళ్ళు దేవదూతలయ్యారు. పోవడమేమిటి, ఆ మాటనకు!"

హెన్రికా కలం ఆగింది. ఏడాది నిండని పిల్లను ఆ పేటలో ఎవరూ పోయిందనరు. అలా ఎంతమంది దేవదూతలు ఆ పుస్తకానికి ఎక్కకుండా ఎగిరిపోయారో! ఆమె లేచి గిన్నె మూత తీసి వాసన చూసింది.

"ఇది మత్తు. ఇది తాగిన పిల్లకి ఆకలీ తెలీదు, దాహమూ తెలీదు. ఒంట్లో నీరంతా పోతున్నా ఏడవదు. పారబొయ్యి. కాచిన పాలు సీసాల్లో మేమిస్తాం, రోజూ వచ్చి పట్టుకెళ్ళు."

"పెళ్ళయిందా నీకు?"

"లేదు."

"అదీ సంగతి. ఆరు గొంతులు ఒక్కసారి లేస్తే ఎలా ఉంటుందో ఓ పూట కూర్చుని చూడు!"

నోరు అలా అన్నా చెయ్యి గిన్నె వంపేసింది. ఎందుకంటే ఆ ఆరుగురిలో ఒకడు స్తాషు. మిల్లులో రాత్రి పాళీ చేసే కూతురు వెరోంక కన్న అయిదు నెలల కొడుకు, మా అన్న. ముందురోజే వాడికి విరేచనాలు పట్టుకున్నాయి.

రెండు రోజులు సీసా పాలు తాగాడు. మూడోనాడు కాస్త తేరుకుని గొంతెత్తి ఏడ్చాడు. వాణ్ణి చూసి మిగతా అయిదుగురూ అందుకున్నారు. పైవాళ్ళు నేల మీద చీపురు కర్రతో బాదారు. అమ్మమ్మ చెవుల్లో గుడ్డలు కుక్కుకుంది. జోకొట్టింది. తిట్టింది. మధ్యాహ్నం ఉప్పు డబ్బా వెనకాల మిగిలిపోయిన కాయలు రెండు దొరికాయి.

స్తాషు నిద్రపోయాడు. పాల వేళ దాటినా నోరు తెరవలేదు. పడుకుంటే తేరుకుంటాడని అమ్మమ్మ లేపలేదు. పగటి నిద్ర మానుకుని, బిడ్డ కోసం చర్చిలో కొవ్వొత్తి వెలిగించి సాయంత్రం ఇంటికొచ్చిన వెరోంక వాణ్ణి ఎత్తుకుంటే, తడిగుడ్డలా చేతుల్లోంచి వాలిపోయాడు.

మరుసటి వారం హెన్రికా పుస్తకం తెరవకముందే అమ్మమ్మ అంది: "నలుగురు పోయారు. రాసుకో."

ఆ తర్వాత ఆవిడ ఎవరి పిల్లనీ పెంచలేదు. పంతొమ్మిదేళ్ళు ఆ పాల కేంద్రంలోనే సీసాలు కడిగింది. ఆవిడ తోముడుకి గాజు పలచబడిపోతోందని అక్కడివాళ్ళు గోల పెట్టేవారట.

రాత్రి పాళీ చేసి పగలు పడుకునే కూతురి నిద్ర చెడకూడదనే ఆవిడ ఆ రోజు మళ్ళీ కాయల నీళ్ళు పోసిందని ఇంట్లో చెప్పుకుంటారు. ఇది రాస్తూ నేను పక్కన చేరి, "అమ్మ నిద్ర కోసమే పోశావని రాయనా అమ్మమ్మా?" అని అడిగాను.

"ఆ పూట మీ అమ్మ చర్చిలో ఉందే, పిచ్చిదానా. నర్సు చెప్పింది, నాకు తెలుసు. అయినా నా చెవులు నొప్పెట్టాయి, పోశాను. అలాగే రాయి."